లింక్ పచ్చగానే ఉంది, డేటా మాత్రం పోవట్లేదు: స్టాటిక్ రూటింగ్ నుంచి ఓఎస్‌పీఎఫ్‌కి మారిన ఒక నెట్‌వర్క్

నలభైకి పైగా బ్రాంచీలున్న ఒక సంస్థ నెట్‌వర్క్‌ని పూర్తి స్టాటిక్ రూటింగ్ (దారులన్నీ మనిషి చేత్తో రాసే పద్ధతి) నుంచి ఓఎస్‌పీఎఫ్‌కి (రౌటర్లే ఒకదానితో ఒకటి మాట్లాడుకుని దారులు లెక్కేసుకునే ప్రోటోకాల్) మార్చిన పని ఇది. సంస్థ పేరు, సర్వీస్ ప్రొవైడర్ పేరు రాయడం లేదు. ఐపీ అడ్రసులు కూడా మార్చాను. మార్పుకి కారణమైన వైఫల్యాన్ని మాత్రం కాస్త వివరంగానే రాస్తాను. "చిన్న నెట్‌వర్క్‌కి స్టాటిక్, పెద్ద నెట్‌వర్క్‌కి డైనమిక్" అని మనందరం చదువుకున్న సూత్రం ఈ కేసులో ఏ నిర్ణయానికీ సాయపడలేదు. సాయపడిన ప్రశ్న వేరే: ఈ రూట్ రేపు అబద్ధమైతే, ఆ సంగతి రౌటర్‌కి ఎలా తెలుస్తుంది?

మేం వెళ్లేసరికి ఉన్న నెట్‌వర్క్

ఒక డేటా సెంటర్. అందులో బ్రాంచీల దారులు వచ్చి కలిసే రెండు హబ్ రౌటర్లు, వాటి వెనక సర్వర్ల వైపు ఒక కోర్ స్విచ్. ప్రతి బ్రాంచిలో ఒక రౌటర్, దానికి రెండు దారులు. మొదటిది ప్రొవైడర్ దగ్గర తీసుకున్న లేయర్ 2 లీజ్డ్ లైన్, అది హబ్ 1కి చేరుతుంది. రెండోది మామూలు ఇంటర్నెట్ కనెక్షన్ మీద ఐపీసెక్ ఎన్‌క్రిప్షన్‌తో కట్టిన జీఆర్‌ఈ టనెల్ (ఒక ప్యాకెట్‌ని ఇంకో ప్యాకెట్‌లో చుట్టి పంపే దారి), అది హబ్ 2కి చేరుతుంది. రెండు హబ్‌ల మధ్య నేరుగా ఒక లింక్ ఉంది. బ్రాంచీల ల్యాన్‌లన్నీ 10.20.0.0/16 లోవి, బ్రాంచికి ఒక /24 చొప్పున (/ తర్వాతి అంకె పెద్దదైతే అడ్రసుల బ్లాక్ చిన్నది).

రూటింగ్ అంతా చేత్తో రాసిందే. బ్రాంచి రౌటర్‌లో రెండు డిఫాల్ట్ రూట్లు (వేరే రూట్ లేని ప్యాకెట్లన్నీ పోయే దారి): ఒకటి లీజ్డ్ లైన్ వైపు, ఇంకొకటి టనెల్ వైపు. రెండోదానికి అడ్మినిస్ట్రేటివ్ డిస్టెన్స్ 200 పెట్టారు. సిస్కో రౌటర్లలో స్టాటిక్ రూట్‌కి మామూలుగా ఆ విలువ 1. తక్కువ విలువ ఉన్నదే రూటింగ్ టేబుల్‌లోకి ఎక్కుతుంది కాబట్టి, మొదటి రూట్ ఉన్నంతసేపూ రెండోది పక్కన వేచి ఉంటుంది. దీన్నే ఫ్లోటింగ్ స్టాటిక్ అంటారు. హబ్ 1లోనూ ఇదే పద్ధతి. ప్రతి బ్రాంచి /24కి లైన్ మీదుగా ఒక రూట్, లైన్ పడిపోతే హబ్ 2 మీదుగా పోయేలా ఇంకో ఫ్లోటింగ్ రూట్. కోర్‌లో మొత్తం /16కి ఒక్కటే రూట్, హబ్ 1 వైపు.

దీన్ని డిజైన్ చేసినవాళ్లు తెలిసే చేశారు. అప్పట్లో ప్రతి లైనూ విడి ఫైబర్ మీద, రెండు చివరలా మీడియా కన్వర్టర్లతో వచ్చేది. మధ్యలో ఫైబర్ తెగితే కన్వర్టర్లు రెండు వైపులా పోర్ట్‌ని కిందకి దించేవి. పోర్ట్ దిగగానే దాని మీదున్న స్టాటిక్ రూట్ టేబుల్ నుంచి తొలగి, ఫ్లోటింగ్ రూట్ ఎక్కేది. కేబుల్ లాగి చేసిన ఫెయిలోవర్ టెస్ట్ రిపోర్టులు ఫైల్‌లో భద్రంగా ఉన్నాయి. అన్నీ పాస్.

ఆ తర్వాత రెండు మార్పులు జరిగాయి. ప్రొవైడర్ తన నెట్‌వర్క్‌ని మెట్రో ఈథర్నెట్‌కి మార్చి, డేటా సెంటర్ వైపు లైన్లన్నిటినీ ఒకే ట్రంక్ పోర్ట్ మీద, బ్రాంచికో వీల్యాన్ (ఒకే కేబుల్ మీద విడదీసిన వర్చువల్ నెట్‌వర్క్) చొప్పున ఇచ్చింది. ఇంకో సందర్భంలో, ఇంటర్నెట్ వైపు నుంచి వచ్చే ట్రాఫిక్‌ని తనిఖీ చెయ్యాలని హబ్ 2కీ కోర్‌కీ మధ్య ఒక ఫైర్‌వాల్ పెట్టారు. రెండు మార్పులూ అవసరమైనవే. కానీ రెండింటిలోనూ రూటింగ్ టేబుల్‌లో ఒక్క లైను కూడా మారలేదు. మారాల్సిన అవసరం ఉందని చెప్పేదేదీ ఆ నెట్‌వర్క్‌లో లేదు. స్టాటిక్ రూట్ అంటే ఎవరో ఒకరోజు నెట్‌వర్క్ గురించి రాసి పెట్టిన మాట. అది ఇంకా నిజమేనా అని రౌటర్ మళ్లీ అడగదు.

వైఫల్యం

ఒక పనిదినం మధ్యాహ్నం ప్రొవైడర్ నెట్‌వర్క్ లోపల, మధ్యలో ఉన్న ఒక స్విచ్ పాడైంది. దాని మీదుగా వెళ్లే బ్రాంచీలన్నీ ఒకేసారి ఆగిపోయాయి. బ్రాంచి రౌటర్ పక్కనే ఉన్న ప్రొవైడర్ డబ్బా బాగానే ఉంది, కాబట్టి పోర్ట్ దిగలేదు. డేటా సెంటర్‌లో ట్రంక్ పోర్ట్ మీద మిగతా బ్రాంచీలు పనిచేస్తూనే ఉన్నాయి, అదీ దిగలేదు. హెల్ప్‌డెస్క్ నుంచి వచ్చిన మొదటి మాట, "సార్, లింక్ గ్రీన్‌గానే ఉంది, బ్రాంచి వాళ్లే ఏదో చేసుకుని ఉంటారు."

ఈథర్నెట్ మీద స్టాటిక్ రూట్ టేబుల్‌లో ఉండాలంటే ఇంటర్‌ఫేస్ పైకి ఉంటే చాలు. నెక్స్ట్ హాప్ (తర్వాతి రౌటర్) అడ్రసులో నిజంగా ఎవరైనా ఉన్నారా, ఏఆర్‌పీకి (ఆ అడ్రసు ఎవరిదని అడిగే ప్రశ్నకి) జవాబు వస్తోందా అన్నది రూట్ చూసుకోదు. కాబట్టి బ్రాంచి రౌటర్ ప్రతి ప్యాకెట్‌నీ చచ్చిపోయిన లైన్‌లోకే తోస్తూ ఉంది. పక్కనే టనెల్ చక్కగా పనిచేస్తూ ఖాళీగా ఉంది.

చేత్తో మార్చడం మొదలైంది. హబ్ 2 నుంచి టనెల్ అవతలి చివర అడ్రసుకి నేరుగా వెళ్లొచ్చు కాబట్టి బ్రాంచి రౌటర్లలోకి లాగిన్ అవడానికి ఇబ్బంది రాలేదు. లైన్ వైపు డిఫాల్ట్ తీసేస్తే బ్రాంచి ప్యాకెట్లు టనెల్ మీదుగా సర్వర్ దాకా చేరాయి. జవాబులు రాలేదు. హబ్ 1 ఇంకా లైన్ బాగుందనే అనుకుంటోంది, తిరుగు ప్యాకెట్లు అక్కడ పోతున్నాయి. హబ్ 1లో కూడా ఆ బ్రాంచీల రూట్లు తీసేశాక ఫ్లోటింగ్ రూట్లు ఎక్కాయి. బ్రాంచి నుంచి సర్వర్‌కి చేసిన పింగ్‌కి (చేరుతోందా అని అడిగే పరీక్ష ప్యాకెట్‌కి) జవాబు వచ్చింది. టెన్షన్ తగ్గిందనుకునే లోపు మళ్లీ ఫోన్లు: పింగ్ వస్తోంది కానీ అప్లికేషన్ తెరుచుకోవట్లేదు.

ఈ లక్షణం కనబడితే వెంటనే రెండు దిశల్లో దారి ఒకటేనా అని చూడాలి. ఇక్కడ వెళ్లే దారి బ్రాంచి, హబ్ 2, ఫైర్‌వాల్, కోర్. వచ్చే దారి కోర్, హబ్ 1, హబ్ 2, బ్రాంచి. తిరుగు దారిలో ఫైర్‌వాల్ లేదు. టీసీపీలో కనెక్షన్ అడిగే మొదటి ప్యాకెట్‌ని, అంటే సిన్‌ని, ఫైర్‌వాల్ చూసింది. సర్వర్ ఇచ్చిన సిన్-ఆక్ వేరే దారిలో పోయింది, దాన్ని చూడలేదు. బ్రాంచి నుంచి మూడో ప్యాకెట్ వచ్చేసరికి, తాను చూడని సంభాషణలో మధ్య ముక్కలా కనిపించి, దాన్ని పారేసింది. పింగ్‌కి ఈ గొడవ లేదు. బ్రాంచి నుంచి అడిగిన ప్రశ్న ఫైర్‌వాల్ గుండా వెళ్లింది, జవాబు బయటి దారిలో వచ్చేసింది. అదే పింగ్‌ని డేటా సెంటర్ నుంచి బ్రాంచికి చేస్తే రాలేదు, ఎందుకంటే అప్పుడు ఫైర్‌వాల్ దగ్గరికి ప్రశ్న లేకుండా జవాబు మాత్రమే చేరుతుంది. ఒక దిక్కు నుంచి పింగ్ వస్తూ ఇంకో దిక్కు నుంచి రాకపోతే కారణం దాదాపు ఎప్పుడూ ఇలాంటిదే. అందుకే పింగ్ పరీక్షని రెండు చివరల నుంచీ చెయ్యమని టీమ్‌కి పదే పదే చెబుతాను. రౌటర్ నుంచి చేసేటప్పుడు సోర్స్ అడ్రస్‌ని ల్యాన్ ఇంటర్‌ఫేస్‌గా పెట్టమంటాను. లేకపోతే రౌటర్ తన బయటి ఇంటర్‌ఫేస్ అడ్రసుతో పింగ్ చేస్తుంది, అది వచ్చినా ల్యాన్‌కి తిరుగు దారి ఉందని రుజువు కాదు.

కోర్‌లో ఆ బ్రాంచీల /24లకి ఫైర్‌వాల్ వైపు రూట్లు రాశాక అప్లికేషన్లు తెరుచుకున్నాయి. సాయంత్రం లైన్ బాగయ్యాక రాసినవన్నీ మళ్లీ వరస తప్పకుండా వెనక్కి తిప్పాల్సి వచ్చింది.

ట్రాకింగ్‌తో సరిపెట్టుకోవచ్చా

ముందు వచ్చిన ప్రతిపాదన ఇది. ఐపీ ఎస్‌ఎల్‌ఏ లాంటి సౌకర్యంతో రౌటర్ అవతలి చివరకి వరసగా పింగ్ చేస్తుంది, జవాబు ఆగితే స్టాటిక్ రూట్‌ని తీసేస్తుంది. రెండు మూడు సైట్లుంటే నేనూ ఇదే చేస్తాను. తేలిక, అర్థమవుతుంది, కొత్త ప్రోటోకాల్ అక్కర్లేదు.

ఇక్కడ రెండు ఇబ్బందులు. బ్రాంచి ఒక నిర్ణయం, హబ్ 1 ఇంకో నిర్ణయం, విడివిడిగా తీసుకుంటాయి. టైమర్లు కొంచెం తేడా వచ్చినా, ఒకవైపు మాత్రమే ట్రాకింగ్ సరిగ్గా రాసినా, ఒకరు లైన్ పోయిందని, ఇంకొకరు ఉందని నమ్ముతారు. మనం చూసిన అసమాన దారి మళ్లీ పుడుతుంది. రెండోది, హబ్ 1 తెలుసుకున్న సంగతి కోర్‌కి చేరే మార్గం లేదు. అక్కడ మళ్లీ ఇంకో వరస ట్రాకర్లు రాయాలి. నలభై బ్రాంచీలకి రెండు చివరలా, కోర్‌లో కూడా ఇలా రాస్తే, చేత్తో ఒక రూటింగ్ ప్రోటోకాల్‌ని తయారుచేసినట్టే. అది ఎవరూ పరీక్షించని ప్రోటోకాల్ అవుతుంది.

రిప్‌ని (హాప్‌లని, అంటే దారిలోని రౌటర్లని మాత్రమే లెక్కపెట్టే ప్రోటోకాల్) ఎందుకు పరిగణించలేదో ఒక్క మాటలో చెప్పొచ్చు. దానికి లీజ్డ్ లైనూ ఒక హాపే, టనెలూ ఒక హాపే. పైగా 30 సెకన్లకోసారి అప్‌డేట్, 180 సెకన్ల టైమౌట్. బీజీపీని (ఇంటర్నెట్‌లో నెట్‌వర్క్‌ల మధ్య వాడే రూటింగ్ ప్రోటోకాల్) మాత్రం తీవ్రంగానే ఆలోచించాం. ఒక హబ్ చుట్టూ చాలా బ్రాంచీలుండే ఆకారానికి అది బాగా నప్పుతుంది, ఏ దారి ముందు అన్నది పాలసీతో స్పష్టంగా చెప్పొచ్చు. బ్రాంచీలు వందల్లో ఉంటే అదే ఎంచుకునేవాళ్లం. ఇక్కడ రాత్రి షిఫ్టులో నెట్‌వర్క్ చూసేవాళ్లకి ఓఎస్‌పీఎఫ్ చదవడం వచ్చు, పరికరాలు ఒకే కంపెనీవి కావు, సంఖ్య నలభై దాటి కొంచెం. తెల్లవారుజామున సమస్యని విప్పాల్సిన మనిషికి ఏది తెలుసో అది ప్రోటోకాల్ ఎంపికలో పెద్ద కారణమే అని నా అభిప్రాయం.

డిజైన్, అందులో ఒక చిక్కు

ఓఎస్‌పీఎఫ్‌లో ప్రతి రౌటర్ తన పక్కవాళ్లెవరో, వాళ్లకి చేరడానికి కాస్ట్ ఎంతో తన ఏరియా (నెట్‌వర్క్‌లో రౌటర్ల ఒక గుంపు) అంతా చాటుతుంది. ఏరియాలో అందరి దగ్గరా ఒకే మ్యాప్ ఉంటుంది, ఎవరికి వారు దాని మీద డైక్‌స్ట్రా 1959లో ప్రచురించిన పద్ధతితో దగ్గరి దారి లెక్కేసుకుంటారు. ఈ కేసుకి అందులో పనికొచ్చే విషయం ఒక్కటి. పక్కవాడి నుంచి హలో (బతికే ఉన్నానని పంపే చిన్న ప్యాకెట్) రావడం ఆగితే, పోర్ట్ పచ్చగా ఉన్నా సరే, ఆ దారి మ్యాప్‌లోంచి పోతుంది. ఆ కబురు ఆ ఏరియాలోని బ్రాంచీలకీ, రెండు హబ్‌లకీ చేరి అందరి లెక్కా కలిసి మారుతుంది.

డేటా సెంటర్ లోపల ఏరియా 0. బ్రాంచీలన్నీ ఏరియా 20. బ్రాంచికి బయటి రూట్లన్నీ తెలియాల్సిన అవసరం లేదు, రెండు హబ్‌ల నుంచి డిఫాల్ట్ రూట్ వస్తే చాలు. కాబట్టి ఏరియా 20ని టోటల్లీ స్టబ్‌గా పెట్టాం. కాస్ట్ లెక్కకి మూలమైన రిఫరెన్స్ బ్యాండ్‌విడ్త్ చాలా రౌటర్లలో ఇప్పటికీ 100 ఎంబీపీఎస్ గానే వస్తుంది. దాన్ని వదిలేస్తే 100 ఎంబీపీఎస్ లింక్‌కీ 10 జీబీపీఎస్ లింక్‌కీ ఒకే కాస్ట్, 1. అందుకని అన్ని పరికరాల్లో 100 జీబీపీఎస్‌కి పెంచాం, 10 జీబీపీఎస్ లింక్ కాస్ట్ 10 అయింది. బ్రాంచి దారులకి కాస్ట్ చేత్తోనే ఇచ్చాం: లైన్‌కి 1000, టనెల్‌కి 5000. రెండు చివరలా అవే అంకెలు, లేకపోతే వెళ్లే దారి ఒకటి, వచ్చే దారి ఒకటి అవుతాయి.

హబ్‌లు రెండూ బ్రాంచీల /24లని విడివిడిగా చెప్పకుండా 10.20.0.0/16 అని ఒక్క సమ్మరీగా ఏరియా 0లోకి చెబుతాయి. చూడ్డానికి అందంగా ఉంటుంది. చిక్కు ఇక్కడే.

ఒక బ్రాంచి, దాన్ని A అందాం, దాని లీజ్డ్ లైన్ మధ్యలో పోయిందనుకోండి. మిగతా బ్రాంచీల లైన్లు బాగున్నాయి కాబట్టి హబ్ 1 ఇంకా /16ని చాటుతూనే ఉంటుంది. కోర్‌కి A బ్రాంచి సంగతి విడిగా తెలియదు, ప్యాకెట్‌ని హబ్ 1కే ఇస్తుంది. హబ్ 1 దాన్ని A బ్రాంచికి ఎలా చేర్చాలి? ఓఎస్‌పీఎఫ్ నియమం ప్రకారం ఒకే ఏరియాలో దారి ఉంటే, ఇంకో ఏరియా మీదుగా ఎంత తక్కువ కాస్ట్ దారి ఉన్నా, ఏరియా లోపలి దారికే మొగ్గు. హబ్‌ల మధ్య లింక్ ఏరియా 0లో మాత్రమే ఉంటే ఏరియా 20 లోపల ఉన్న దారి ఇది: హబ్ 1 నుంచి ఇంకో బ్రాంచి Bకి లైన్ మీద, B నుంచి టనెల్ మీద హబ్ 2కి, అక్కడి నుంచి ఇంకో టనెల్ మీద A బ్రాంచికి. అంటే ఎక్కడో ఉన్న ఒక చిన్న బ్రాంచి, ఇంకో బ్రాంచి ట్రాఫిక్‌ని తన ఇంటర్నెట్ కనెక్షన్ మీద మోస్తుంది. పింగ్ వస్తుంది, కొంచెం నెమ్మదిగా వస్తుంది అంతే. ట్రేస్‌రూట్ (ప్యాకెట్ దాటిన రౌటర్ల జాబితా) తీసి చదివితే తప్ప ఎవరికీ తెలియదు.

ల్యాబ్‌లో నాలుగు రౌటర్లతో దీన్ని కావాలని పుట్టించి టీమ్ అందరికీ చూపించాం. పరిష్కారం చిన్నదే: హబ్‌ల మధ్య ఏరియా 20కి కూడా ఒక లింక్, అదే కేబుల్ జత మీద ఇంకో వీల్యాన్. అప్పుడు హబ్ 1 నుంచి A బ్రాంచికి 10 ప్లస్ 5000, మొత్తం 5010. B మీదుగా అయితే 11000. దారి సరైన చోటే పడుతుంది.

అయినా ఫైర్‌వాల్ సమస్య అలాగే ఉంది. కోర్ నుంచి హబ్ 1 మీదుగా పోయి, హబ్ 2 మీదుగా తిరిగొస్తే ఫైర్‌వాల్ మళ్లీ సగమే చూస్తుంది. కాస్ట్‌లు సరిచేసి దీన్ని దాచిపెట్టొచ్చు, కానీ ఏదో ఒక వైఫల్యంలో మళ్లీ బయటపడుతుంది. అందుకని ఫైర్‌వాల్ చోటే మార్చాం. ఇప్పుడు రెండు హబ్‌లకీ కోర్‌కీ మధ్య ఒకే ఫైర్‌వాల్ జత ఉంటుంది, హబ్‌ల వైపు ఇంటర్‌ఫేస్‌లు రెండూ ఒకే జోన్‌లో ఉంటాయి. ఏ హబ్ నుంచి వచ్చినా, ఏ హబ్‌కి పోయినా సంభాషణ మొత్తం ఒకే చోట కనిపిస్తుంది. రూటింగ్ మార్పుకి ఫైర్‌వాల్ జరపడం ఎందుకని అడిగారు. స్టేట్ గుర్తుపెట్టుకునే పరికరం దారిలో ఉన్నప్పుడు డైనమిక్ రూటింగ్ దాని చుట్టూ తిరగకుండా చూసుకోవడం డిజైన్‌లో భాగమే.

పనిచేస్తున్న నెట్‌వర్క్‌ని ఆపకుండా మార్చడం

స్టాటిక్ రూట్లు అలాగే ఉంచి, పక్కన ఓఎస్‌పీఎఫ్‌ని నడిపించొచ్చు. ఓఎస్‌పీఎఫ్ అడ్మినిస్ట్రేటివ్ డిస్టెన్స్ సిస్కోలో 110, కాబట్టి 1 ఉన్న స్టాటిక్ గెలుస్తుంది. జూనిపర్‌లో అంకెలు వేరు, స్టాటిక్‌కి 5, ఓఎస్‌పీఎఫ్ లోపలి రూట్లకి 10, అయినా గెలిచేది స్టాటికే. ఈ విలువ ఏ రౌటర్‌కి ఆ రౌటర్ సొంతం, ప్రోటోకాల్‌లో పక్కవాడికి వెళ్లదు. అలా కొన్నాళ్లు నడిపించి, పొరుగు సంబంధాలన్నీ నిలబడ్డాయా, ప్రతి /24 డేటాబేస్‌లో కనిపిస్తోందా అని తీరిగ్గా చూసుకుని, తర్వాత ఒక్కో బ్రాంచికి స్టాటిక్ తీసేస్తూ పోవచ్చు. తీసిన మరుక్షణం ఓఎస్‌పీఎఫ్ రూట్ ఆ చోటులోకి వస్తుంది.

ఈ పద్ధతి భద్రమైనదే, కానీ ఒక షరతు మీద. డిస్టెన్స్‌ని పోల్చేది ఒకే ప్రిఫిక్స్‌కి (అడ్రసుల బ్లాక్‌కి, / తర్వాతి అంకె దాని పొడవు) రెండు రూట్లు ఉన్నప్పుడు మాత్రమే. ప్రిఫిక్స్ పొడవులు వేరైతే రెండూ టేబుల్‌లోకి ఎక్కుతాయి, ప్యాకెట్ పొడవైనదాన్నే పట్టుకుంటుంది. కోర్‌లో /16కి స్టాటిక్ ఉంది. హబ్‌లు సమ్మరీ చెయ్యకుండా /24లు చెబితే, స్టాటిక్ ఉండగానే ట్రాఫిక్ అంతా ఆ క్షణమే ఓఎస్‌పీఎఫ్ దారికి మారిపోతుంది. అందుకే హబ్‌లలో సమ్మరీ ముందు రాసి, ఆ తర్వాతే ఏరియా 20 ఇంటర్‌ఫేస్‌లని కలిపాం. పొడవైన ప్రిఫిక్స్ బలం ఎంతటిదో ప్రపంచమంతా 2008 ఫిబ్రవరి 24న చూసింది. యూట్యూబ్ తన అడ్రసులని 208.65.152.0/22గా చాటుతుంటే, దేశంలో ఆ సైట్‌ని ఆపడానికి పాకిస్తాన్ టెలికాం వాడిన 208.65.153.0/24 బీజీపీలో బయటికి పొక్కింది. పొడవైనది కావడంతో సుమారు రెండు గంటలపాటు చాలా దేశాల నుంచి యూట్యూబ్ ట్రాఫిక్ అటు మళ్లింది.

పాత స్టాటిక్‌లని తీసేముందు ఒక్కోదాన్నీ ఎందుకు ఉందని అడుగుతూ జాబితా రాశాం. మూసేసిన బ్రాంచీలకి రూట్లు దొరికాయి. ఇంకా వాడని ఒక /20కి కోర్ హబ్ వైపు, హబ్ తన డిఫాల్ట్ ప్రకారం మళ్లీ కోర్ వైపు చూపించే జత కూడా దొరికింది. అక్కడికి వెళ్లే ఏ ప్యాకెట్ అయినా టీటీఎల్ (ప్యాకెట్ ఇంకా ఎన్ని రౌటర్లు దాటొచ్చో చెప్పే అంకె) అయిపోయేదాకా ఇద్దరి మధ్య తిరుగుతుంది. ఏదైనా మెషిన్ ఆ అడ్రసులని స్కాన్ చేస్తే ఆ లింక్ మీద ఎంత వృథా ట్రాఫిక్ పుడుతుందో ఊహించొచ్చు. అలాంటి ఖాళీ బ్లాక్‌కి నల్ ఇంటర్‌ఫేస్ వైపు ఒక డిస్కార్డ్ రూట్ (ప్యాకెట్‌ని అక్కడే పారేసే రూట్) ఉండాలి. మనం వాడిన రౌటర్లలో ఓఎస్‌పీఎఫ్ సమ్మరీ రాస్తే ఆ రూట్ దానంతట అదే వస్తుంది.

టనెల్స్ దగ్గర రెండు విషయాలు సమయం తిన్నాయి. కొన్ని బ్రాంచీల్లో పొరుగు సంబంధం ఎక్స్‌స్టార్ట్ దశలోనే (మ్యాప్ ఇచ్చిపుచ్చుకునే ముందు దశ) ఆగిపోయింది. హలోలు అటూ ఇటూ వస్తున్నాయి, అంతకు మించి కదలదు. ఇది కనిపిస్తే ముందు ఎంటీయూ (ఒక ప్యాకెట్‌కి గరిష్ఠ పరిమాణం) చూడాలి. జీఆర్‌ఈ 24 బైట్లు తీసుకుంటుంది కాబట్టి 1500లో 1476 మిగులుతుంది, ఐపీసెక్‌తో ఇంకా తగ్గుతుంది. ఒక చివర 1400 అని రాసి, ఇంకో చివర వదిలేశారు. ఎంటీయూ తేడాని పట్టించుకోవద్దని ఓఎస్‌పీఎఫ్‌కి చెప్పే కమాండ్ ఒకటి ఉంది. దాన్ని వాడనివ్వలేదు. పెద్ద ప్యాకెట్లు చేరకుండా మధ్యలో పడిపోయే సమస్య అలాగే ఉంటుంది, కనబడే గుర్తు మాత్రమే మాయమవుతుంది.

రెండోది టనెల్ తనని తానే మింగే పరిస్థితి. టనెల్ అవతలి చివర, అంటే హబ్ 2 పబ్లిక్ అడ్రసుకి చేరే దారి కూడా టనెల్ మీదుగానే అని రౌటర్ నేర్చుకుంటే, టనెల్ పడిపోతుంది. పడగానే ఆ రూట్ పోతుంది, టనెల్ లేస్తుంది, మళ్లీ నేర్చుకుంటుంది, మళ్లీ పడుతుంది. బ్రాంచి డిఫాల్ట్ ఇప్పుడు ఓఎస్‌పీఎఫ్ నుంచి వస్తోంది, కాబట్టి లీజ్డ్ లైన్ లేనప్పుడు సరిగ్గా ఇదే జరుగుతుంది. మందు ఒక స్టాటిక్ రూట్: హబ్ 2 పబ్లిక్ అడ్రసుకి /32, ఇంటర్నెట్ ప్రొవైడర్ గేట్‌వే వైపు. డైనమిక్ రూటింగ్ నిలబడాలంటే దాని కింద ఒక స్టాటిక్ ఉండి తీరాల్సిన చోటు ఇది.

ల్యాన్ వైపు ఇంటర్‌ఫేస్‌లన్నీ ప్యాసివ్ (అక్కడ ఓఎస్‌పీఎఫ్ పొరుగు సంబంధం కట్టదు), మిగతావాటి మీద హెచ్‌మ్యాక్-షా ఆథెంటికేషన్ (రహస్య కీతో పొరుగువాణ్ని నిర్ధారించుకోవడం). దీని గురించి వాదన అక్కర్లేదు. ఎవరో ఒక పరికరాన్ని గోడ సాకెట్‌కి తగిలించి నెట్‌వర్క్‌కి కొత్త డిఫాల్ట్ రూట్ ఇచ్చే అవకాశం ఉండకూడదు.

అసలు పరీక్ష

కేబుల్ లాగి చేసే ఫెయిలోవర్ పరీక్షని నేను పరీక్షగా లెక్కించను. కేబుల్ లాగితే పోర్ట్ దిగుతుంది, పోర్ట్ దిగితే పాత ఫ్లోటింగ్ స్టాటిక్ కూడా పనిచేసేది. పాత రిపోర్టులన్నీ పాస్ అని ఉన్నది అందుకే. మనకి కావాల్సింది రెండు చివరలా పోర్ట్ పచ్చగా ఉండి మధ్యలో దారి పోవడం. ప్రొవైడర్‌తో మాట్లాడి, ఒక బ్రాంచి వీల్యాన్‌ని వాళ్ల నెట్‌వర్క్ మధ్యలో తీసేయించాం.

మామూలు టైమర్లతో, అంటే హలో 10 సెకన్లు, డెడ్ (హలో రాకపోతే పొరుగువాడు పోయినట్టు లెక్కించే సమయం) 40 సెకన్లు, ట్రాఫిక్ టనెల్‌కి మారడానికి దాదాపు ఆ డెడ్ సమయమంతా పట్టింది. పాత పద్ధతితో పోలిస్తే ఎంతో మేలే, కానీ అప్లికేషన్ సెషన్లు కొన్ని తెగాయి. హలోని సెకనుకి తగ్గించే బదులు లీజ్డ్ లైన్ల మీద బీఎఫ్‌డీ పెట్టాం, సెకనుకో ప్యాకెట్, మూడు పోతే లైన్ పోయినట్టు. దారి బతికుందా అని చూడ్డమే దాని పని, అందుకే ఆ పని దానికి వదలడం మంచిది. మళ్లీ అదే పరీక్ష చేస్తే మూడు నాలుగు సెకన్లలో మారింది, తెరిచి ఉన్న స్క్రీన్లు అలాగే నిలిచాయి. ఇంకా వేగంగా, 300 మిల్లీసెకన్లకి తగ్గించొచ్చు కదా అన్నారు. ప్రొవైడర్ నెట్‌వర్క్‌లో క్షణకాలం రద్దీ వచ్చినా దారి అటూ ఇటూ ఊగడం మొదలవుతుంది, ఆ నష్టం నాలుగు సెకన్ల ఆగుదల కంటే ఎక్కువ. టనెల్స్ మీద బీఎఫ్‌డీ పెట్టలేదు, అవి పడితే వెళ్లడానికి ఇంకో దారి లేదు.

స్టాటిక్‌గా ఎక్కడ ఉంచాం

ఒకే లైనున్న చిన్న ఆఫీసులు కొన్ని ఉన్నాయి. వాటికి డిఫాల్ట్ రూట్ స్టాటిక్‌గానే ఉంది. దారి పోయిందని తెలిసినా వెళ్లడానికి ఇంకో దారి లేనప్పుడు ప్రోటోకాల్ ఇచ్చే లాభం ఏమీ లేదు. బయటి భాగస్వామి సంస్థతో ఉన్న కనెక్షన్ కూడా స్టాటికే. వాళ్లు ఏం చాటితే అది మన టేబుల్‌లోకి రావడం మనకి ఇష్టం లేదు. ఆ ఒక్క ప్రిఫిక్స్‌ని ట్యాగ్‌తో ఓఎస్‌పీఎఫ్‌లోకి ఇచ్చాం, ఇంకెక్కడి నుంచైనా తిరిగొస్తే ఆ ట్యాగ్ చూసి ఆపేస్తాం.

అవుట్ ఆఫ్ బ్యాండ్ మేనేజ్‌మెంట్ నెట్‌వర్క్ మాత్రం పూర్తిగా స్టాటిక్, వేరే లైన్ల మీద, ఓఎస్‌పీఎఫ్‌తో ఏ సంబంధం లేకుండా. రూటింగ్ ప్రోటోకాలే దెబ్బతిన్నప్పుడు రౌటర్‌లోకి వెళ్లే దారి ఆ ప్రోటోకాల్ మీద ఆధారపడకూడదు. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్ బ్యాక్‌బోన్ పడిపోయి, బీజీపీ ప్రకటనలు ఆగిపోయినప్పుడు మామూలు దారితో పాటు అవుట్ ఆఫ్ బ్యాండ్ దారి కూడా అందుబాటులో లేకుండా పోయిందని, ఇంజనీర్లని డేటా సెంటర్లకి పంపాల్సి వచ్చిందని ఆ కంపెనీయే తర్వాత రాసింది. అంత పెద్ద నెట్‌వర్క్‌కే ఆ అవసరం పడింది కాబట్టి మన దగ్గర ఈ ఖర్చు దండగ అన్న వాదన నిలవలేదు.

మిగిలిన ప్రతి స్టాటిక్ రూట్‌కీ కాన్ఫిగరేషన్‌లోనే ఒక పేరు పెట్టాం, ఆ పేరులో కారణం ఉంటుంది. పక్కన ఒక పట్టికలో ఇంకో కాలమ్: ఇది అబద్ధమైతే ఎలా తెలుస్తుంది. ఆ కాలమ్‌లో ఏమీ రాయలేకపోతే ఆ రూట్‌ని మళ్లీ చర్చకి తెస్తాం. ప్రొవైడర్ వైపు ఏ మార్పు నోటీసు వచ్చినా ఈ పట్టిక తెరిచి చూడటం ఇప్పుడు మార్పు ప్రక్రియలో ఒక అడుగు.

కొన్ని బ్రాంచీల్లో పని ఇంకా మిగిలే ఉంది. అక్కడ లీజ్డ్ లైన్ ఒక ప్రొవైడర్‌ది, ఇంటర్నెట్ ఇంకో ప్రొవైడర్‌ది, కానీ రెండు కేబుళ్లూ భవనంలోకి ఒకే డక్ట్ గుండా వస్తున్నాయి. ఓఎస్‌పీఎఫ్‌కి అవి రెండు దారులుగా కనిపిస్తాయి, తవ్వే యంత్రానికి ఒకటే. ఇద్దరు ప్రొవైడర్ల నుంచీ కేబుల్ మార్గాల మ్యాపులు తెప్పించి, దారులు నిజంగా కలిసిపోయిన చోట టనెల్‌ని మొబైల్ డేటా కనెక్షన్ మీదకి మారుస్తున్నాం.